పసుపెక్కిన హెడ్‌లైట్లు

"పసుపుపచ్చగానా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు డెల్బర్ట్."

"గుర్తు తెచ్చుకునేదేముంది, మొన్నటి మాటేగా!" డెల్బర్ట్ హోల్మ్ తన పాలబండి గొట్టాన్ని చుట్టచుట్టి కొక్కేనికి తగిలించాడు. "మంగళవారం పొద్దున ఐదూ నలభైకి లిండ్విగ్ ముసలాయన పశువుల షెడ్డు ముందునుంచి వెళ్ళాను. లోపల మేత తోసే లోడరు లైట్లు తెల్లగా, కళ్ళు చెదిరేటట్టు వెలుగుతున్నాయి. తిరిగొచ్చేసరికి ఆరూ ముప్ఫై అయిదు. అప్పుడు చూస్తే పండిన నిమ్మకాయ రంగులో గుడ్డిగా ఉన్నాయి. ఇదేమిట్రా, ఈ చలికి లైట్లకి కూడా కామెర్లొచ్చాయా అనుకున్నాను."

"ఇంజను చప్పుడు వినపడిందా?"

"నా బండిలో నా మాటే నాకు వినపడదు. పైగా హీటరొకటి, రేడియో ఒకటి."

"ఈ సంగతి కాస్నర్‌కి చెప్పావా?"

"చెప్పాను. గాలికి మంచు లేచి అలా కనపడి ఉంటుందన్నాడు. రాజధానినుంచి వచ్చిన మనిషి, కాదంటానా?" డెల్బర్ట్ నవ్వి చేతి తొడుగులు దులుపుకున్నాడు. "ఆయనకి కావలసిన ముక్క వేరే. ఐదూ యాభైకి గోదాం గుమ్మంలో కాంటూని చూశానన్నానే, అది మాత్రం మూడుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. ఖైదీని మూడింటికి రాజధాని జైలుకి తీసుకెళతారట. ఆలోగా వచ్చి సంతకం పెట్టమన్నాడు."

షెరీఫ్ ఆఫీసు మనిషి వెర్లిన్ ఓస్బీ గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నర. ఇంకా రెండున్నర గంటలు.

కేసు వినడానికి చిన్నదే. మంగళవారం పొద్దున ఐదున్నరకి ధాన్యం గోదాం మేనేజరు మైలో గ్రావెన్ గోదాంనుంచి భార్యతో ఫోనులో మాట్లాడాడు. ఆరూ యాభైకి గోదాం మెట్ల కింద తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ నెత్తురుతో, అక్కడి పనివాడు యూసెబియో కాంటూ కనిపించాడు. టెక్సాస్‌నుంచి వచ్చి ఆరేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నవాడు. లేపి కూర్చోబెట్టబోయానన్నాడు. అంతకుముందు ఎక్కడున్నావంటే మాత్రం నోరు విప్పలేదు.

ఓస్బీని తొలుస్తున్నది ఆ మౌనమే. హంతకుడైతే ఏదో ఒక చోటు కల్పించి చెప్పడా?

గోదాం తాళాలు ముగ్గురి దగ్గరే ఉన్నాయి. చనిపోయిన మైలో, కాంటూ, కాటా గుమాస్తా ఆర్డిస్. ఆర్డిస్ ఆ వేళ ఇంటి దగ్గర లోడరు నడుపుతోందని ఆమె తండ్రి సెల్మర్ లిండ్విగ్ చెప్పాడు. రాష్ట్ర నేరపరిశోధక శాఖ మనిషి వేడ్ కాస్నర్ స్వయంగా వెళ్ళి లోడరు ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు చూసి, నిజమేనని తేల్చుకుని ఆమెని వదిలేశాడు. జిల్లా షెరీఫ్ ఆఫీసు తరఫున ఓస్బీ వెళతానంటే మాత్రం, "వాళ్ళు నీకు కావలసినవాళ్ళు. దూరంగా ఉండు," అన్నాడు.

కావలసినవాళ్ళే. ఓస్బీ పోలీసుల్లో చేరకముందు పన్నెండేళ్ళు లోడర్లు బాగుచేసే షాపులో పనిచేశాడు. అక్కడ మేస్త్రీ సెల్మర్. స్పానరు పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ ఆయన నేర్పినవే.

అందుకే డెల్బర్ట్ మాట అతని చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఇంజను తిరుగుతున్న బండి లైట్లు పసుపెక్కవు.

* * *

సెల్మర్ షెడ్డు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. డెబ్బై మూడేళ్ళు. ఇప్పటికీ చొక్కా గుండీ మెడదాకా పెట్టుకునే ఉన్నాడు.

"ఎవరదీ, వెర్లినేనా? ఆ నడక నీదే. ఎడమకాలు ఈడుస్తావు."

"అరవై ఎనిమిదిలో మీరు దాని మీద గేరుబాక్సు పడేశారుగా మేస్త్రీ."

"నేను పడేశానా? పట్టుకోరా అంటే నువ్వు బయట పోయే పిల్లని చూస్తూ నిలబడ్డావు. ఆ పిల్లనే పెళ్ళాడావు కాబట్టి కాలికి న్యాయం జరిగింది." ముసలాయన నవ్వాడు. ఆ నవ్వు తొందరగానే ఆగిపోయింది. "ఎందుకొచ్చావు?"

"లోడరు చూద్దామని."

"మొన్న ఆ పట్నం ఆయన చూసి వెళ్ళాడుగా."

"ఆయన గంటలు చూశాడు. నేను బండిని చూస్తాను."

సెల్మర్ పక్కకి తప్పుకున్నాడు.

లోడరు మేత వసారా చివర రోడ్డువైపు తిరిగి ఉంది. ముందు తొట్టి, వెనక ఇంజను, మధ్యన ఒక్క మనిషి పట్టే ఇనుప గూడు. తొట్టి మీద కాలు పెట్టి ఎక్కి ఆ గూట్లో కూర్చోవాలి. ఇలాంటివి ఎన్ని వందలు విప్పి బిగించాడో ఓస్బీకి లెక్కలేదు. డీజిలు, పాత గ్రీజు, పులిసిన మేత కలిసిన వాసన. అతనికి ఒక్కసారిగా షాపు గుర్తొచ్చింది. పొయ్యి మీద మరిగి మరిగి నల్లబడ్డ కాఫీ, దుమ్ము పట్టిన కిటికీలోంచి పడే ఎండ, బల్ల చివర కూర్చుని బంగాళాదుంప రొట్టెలో వెన్న రాసుకుంటూ, కళ్ళు మూసుకుని, ఆరు బండ్ల అవతల తిరుగుతున్న ఇంజనులో ఏ సిలిండరు సరిగా కొట్టడం లేదో చెప్పే సెల్మర్.

గోడ పలక మీద సుద్దముక్కతో అంకెలున్నాయి. రోజూ సాయంత్రం పని ఆపాక లోడరు ఎన్ని గంటలు తిరిగిందో రాసిపెట్టడం ఆ ఇంటి అలవాటు. చివరి వరస: సోమవారం, 2316.4. ఓస్బీ గూట్లోకి తల పెట్టి మీటరు చూశాడు. 2317.7.

సరిగ్గా గంటా పద్దెనిమిది నిమిషాలు. ఐదూ ఇరవైనుంచి ఆరూ నలభై దాకా లోడరు నడిచిందని సెల్మర్ చెప్పిన లెక్కకి సరిపోయింది.

సీట్లో కూర్చుని అడ్డకడ్డీ దించాడు. అది దించితేగాని ఈ బండి స్టార్టు అవదు. తాళంచెవి తిప్పగానే లైట్లు వెలిగాయి. స్విచ్చి వేసే ఉంది. కానీ ఆరిపోయే బొగ్గుల్లా ఉన్నాయి. ఇంకాస్త తిప్పాడు.

టక్.

అంతే. స్టార్టరు కదల్లేదు.

"నా అనుమతి లేకుండా నా సాక్షుల ఇంట్లో ఏం చేస్తున్నావు?"

గుమ్మంలో వేడ్ కాస్నర్ నిలబడి ఉన్నాడు. నలభై దాటని మనిషి, పొడుగాటి నల్ల ఉన్నికోటు.

"స్టార్టు కాని బండిని స్టార్టు చేస్తున్నాను," అన్నాడు ఓస్బీ దిగుతూ.

"బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. చలి. రెండు రోజులు కదపలేదు. దానికీ హత్యకీ ఏం సంబంధం?"

"ఎందుకు దిగిపోయిందన్నదే సంబంధం. మంగళవారం మీరొచ్చినప్పుడు తాళంచెవి తిప్పి, ఆపడం మర్చిపోయారా?"

"ఓస్బీ! మీటరు అంకెలు దాని లోపలి చిన్న చక్రాల మీద ఉంటాయి. చూడ్డానికి తాళం తిప్పక్కర్లేదు. నేను ముట్టుకోనేలేదు."

"నిజమే. తిప్పి వదిలేసి ఉంటే అంకె పెరిగేది. ఆ వేళ పది గంటలకి వచ్చి మీరు ఎంత రాసుకున్నారు?"

కాస్నర్ నోటుపుస్తకం తీయకుండానే చెప్పాడు. "2317.7."

"ఇప్పుడూ అంతే. అంటే మీరు వెళ్ళాక దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇక ఒక్క మాట. ఈ మీటరు ఇంజను తిరిగితే తిరిగేది కాదు. తాళంచెవి తిప్పి ఉంచితే చాలు, దాని దోవన అది తిరుగుతూ ఉంటుంది."

కాస్నర్ మొహంలో రంగు కొంచెం మారింది. "ఉంటే? తాళం తిప్పారు, బండి నడిపారు, మీటరు తిరిగింది. నడపలేదని నీకెవరు చెప్పారు?"

"డెల్బర్ట్ చెప్పాడు. వెళ్ళేటప్పుడు తెల్లగా, వచ్చేటప్పుడు పసుపుగా. ఇంజను తిరుగుతుంటే లైట్లకి తిండి డైనమో పెడుతుంది, బ్యాటరీ జోలికి పోవు. తిరక్కపోతే బ్యాటరీని నంజుకు తింటాయి."

"డైనమో చెడిపోయి ఉండొచ్చు."

"ఉండొచ్చు. అందుకే చూద్దాం."

ఓస్బీ తన కారు తెచ్చి లోడరు వెనక నిలిపాడు. లోడరు వెనక తలుపు తెరిచి, కారు బ్యాటరీనుంచి రెండు లావాటి తీగలు లోడరు బ్యాటరీకి తగిలించాడు. లైట్లు ఒక్కసారిగా తెల్లబడ్డాయి.

"మీరు ఎక్కి తాళం తిప్పండి. కోటుకి గ్రీజు అంటుతుందేమో మరి."

"నీకు చాలా సంతోషంగా ఉన్నట్టుంది," అని గొణుక్కుంటూ కాస్నర్ తొట్టి మీద కాలు పెట్టాడు. తల ఇనుప చట్రానికి తగిలింది. తిట్టుకుంటూ కూర్చున్నాడు. తిప్పాడు.

టక్.

లైట్లు తెల్లగానే ఉన్నాయి. స్టార్టరు మాత్రం కదల్లేదు.

"చూశావా! బ్యాటరీ కాదు. స్టార్టరు పోయింది," అన్నాడు కాస్నర్ లోపల్నుంచి.

ఓస్బీ పెదవుల మీదికి నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్ళ కిందట తనూ అచ్చం అదే అన్నాడు. మొదటి నెలలోనే ఒక బండి స్టార్టరు విప్పేసి బల్ల మీద పెట్టుకుంటే, సెల్మర్ వచ్చి దాన్ని చూసి, తనని చూసి, ఒక మాట అన్నాడు.

"మేస్త్రీ, నాకప్పుడు ఏమన్నారో గుర్తుందా?"

సెల్మర్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అడగ్గానే చెప్పాడు. "దీపానికి గుక్కెడు చాలురా. స్టార్టరుకి బిందెడు కావాలి. దారి ఇరుకైతే దీపం వెలుగుతుంది, స్టార్టరు కదలదు. ముందు దారి చూడు."

"అదీ!" ఓస్బీ తన పెట్టెలోంచి ముల్లున్న పాత ఓల్టు మీటరు తీశాడు. షాపు మూసేసిన రోజు సెల్మర్ ఇచ్చిందే. ఒక తీగ మొన బ్యాటరీ మీద నలుపు తీగ తగిలే కొమ్ముకి, రెండోది ఇంజను ఇనుముకి ఆనించాడు. రెండు చేతులూ ఆ మొనల దగ్గరే చిక్కుకుపోయాయి. పాత అలవాటుకొద్దీ మీటరు డబ్బాని సెల్మర్ వైపు మోచేత్తో తోశాడు. "మీరు చదవండి మేస్త్రీ. ఎర్తు దారి బాగుంటే అర ఓల్టు కూడా చూపించకూడదు. కాస్నర్, తిప్పండి!"

టక్.

సెల్మర్ డబ్బాని మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు. "అర కూడా లేదు. ఎర్తు బాగానే ఉంది."

ఓస్బీ మెడ తిప్పి చూశాడు.

ముల్లు తొమ్మిది మీద ఉంది.

అవతల కాస్నర్, "ఎంతట? వినపళ్ళేదు," అంటున్నాడు. సెల్మర్ తల కొంచెం పక్కకి వంచి ఉంది. కళ్ళు డబ్బా మీద కాదు, దాని అంచు పక్కన ఎక్కడో ఉన్నాయి. గుమ్మంలో తనని నడకతో గుర్తుపట్టడం ముచ్చటగా అనిపించింది ఓస్బీకి. అది ఎందుకో ఇప్పుడు అర్థమయింది.

"తొమ్మిది," అన్నాడు నెమ్మదిగా. "బ్యాటరీలో సత్తువంతా దారిలోనే పోతోంది."

నలుపు తీగ వెంట చెయ్యి పోనిచ్చాడు. అది చట్రానికి బిగించిన చోట, మడత వెనక, బోల్టు గట్టిగానే ఉంది. విప్పితే తీగ చెవికీ ఇనుముకీ మధ్యన పచ్చటి చిలుము అట్టకట్టి ఉంది. సాయంత్రం బండి వేడి మీద ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది, తెల్లారి చలికి బిగుసుకుంటే దారి మూసుకుపోతుంది. ఓస్బీ ఉప్పుకాగితంతో రెండు వైపులా మెరిసేదాకా రుద్దాడు. బోల్టు బిగించాడు.

"ఇప్పుడు తిప్పండి."

స్టార్టరు గుర్రుమంది. రెండు దగ్గులు దగ్గి ఇంజను అందుకుంది. తీగలు తీసేసి మీటరు పెట్టి చూశాడు. పద్నాలుగుకి పైనే. డైనమో బంగారంలా ఉంది.

"ఆపెయ్యండి." ఓస్బీ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఇదండీ సంగతి. డైనమో బాగుంది. మంగళవారం ఈ ఇంజను తిరిగి ఉంటే లైట్లు పసుపెక్కవు, బ్యాటరీ దిగదు. ఆ పొద్దున ఇది స్టార్టు కాలేదు. గంటా పద్దెనిమిది నిమిషాలు తాళం తిప్పే ఉంది, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఇంజను మాత్రం కదల్లేదు."

కాస్నర్ ఒక్క దూకులో దిగాడు. కోటు మీద గ్రీజు మరక చూసుకోలేదు. "అంటే దొంగ సాక్ష్యం! మీటరు తిప్పడానికి కావాలనే చేశారు."

"కావాలని చేస్తే లైట్లు పసుపెక్కుతున్నాయని తెలిసి ఆపేసేవారు," అన్నాడు ఓస్బీ. "తెలియలేదు. కదా మేస్త్రీ? ఎన్నాళ్ళయింది?"

సెల్మర్ డబ్బాని తడుముకుని బల్ల మీద పెట్టాడు.

"రెండేళ్ళు. నడిమధ్య చూపు పోయింది. అంచుల్లో నీడలు కనపడతాయి. ఆర్డిస్‌కి తప్ప ఎవరికీ తెలీదు. ఈ సుద్ద అంకెలు రాసేదీ అదే, లోడరు నడిపేదీ అదే." మళ్ళీ గోడకి ఆనుకున్నాడు. "ఊళ్ళో ఇంకా ఫోన్లు చేస్తుంటారురా. సెల్మర్, నా బండి ఇలా అంటోంది, ఏమయ్యుంటుందీ అని. ఫోనులో వినిపిస్తారు. చెబుతాను. కళ్ళు పోయాయని తెలిస్తే మానేస్తారు."

"మంగళవారం ఏం జరిగింది?"

"సోమవారం రాత్రి ఆర్డిస్ తిండి ముట్టలేదు. అల్లుడు వెస్ గోధుమ గాదెలో కూరుకుపోయి చచ్చిపోయాడే, వాడి తప్పేనని రాశారుగా కాగితాల్లో? కాదట. వాడు లోపలుండగానే మైలో అడుగున గోధుమలు లాగే మర వేశాడట. మూడేళ్ళకి నిజం బయటపడింది. పొద్దున్నే వెళ్ళి మైలో మొహం మీదే అడుగుతానంది. ఐదింటికి కారు వెళ్ళిన చప్పుడు విన్నాను."

"మీరు?"

"ఊరికే కూచోలేకపోయాను. ఆవులకి మేత తోద్దామని వచ్చి తాళం తిప్పాను. టక్కుమంది. అంతే, పట్టుదల వచ్చింది. ఒకప్పుడు నాకు ఇది ఇరవై నిమిషాల పని. దిగి వెనక్కి వెళ్ళి తడమడం, మళ్ళీ ఎక్కి తిప్పడం. లైట్లు వెలుగుతున్నాయని కూడా తెలీదు. మోకాళ్ళ మీద గంటంపావు పాకాను వెర్లిన్. ఆ బోల్టు మీద చెయ్యి వేశాను. ఈ వేళ్ళతోనే తడిమాను. గట్టిగానే ఉందిలే అని వదిలేశాను." వేళ్ళు చాచి చూపించాడు. "చిలుము కంటికి దొరుకుతుంది, వేలికి దొరకదు."

ఓస్బీ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. షాపులో తనకి మొదటి జీతం వచ్చిన రోజు ఆయన అలాగే వేశాడు.

కాస్నర్ మెత్తగానే అడిగాడు. "మరి నేనొచ్చి అడిగితే, కూతురు మీతోనే ఉందని ఎందుకు చెప్పారు?"

"ఆరూ ముప్పావుకి అది ఇంటికొచ్చింది. మాట్లాడలేదు. ఏడున్నరకి రేడియోలో మైలో చచ్చిపోయాడన్నారు. తండ్రినయ్యా నేను! నోటికొచ్చిన అబద్ధం ఆడాను, లోడరు నడుపుతోందని. ఆ అబద్ధం నిలబడదని నాకు తెలుసు. నువ్వే లోపలికొచ్చి చూసి, 'అవును, గంటా పద్దెనిమిది నిమిషాలు తిరిగింది,' అన్నావు. నాకే ఒళ్ళు ఝల్లుమంది. నా అబద్ధానికి సాక్ష్యం తెచ్చిపెట్టింది నువ్వే."

కాస్నర్ చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ పోలీసు గొంతు తెచ్చుకున్నాడు. "ఆమెకి కారణం ఉంది. గోదాం తాళం ఉంది. ఇంట్లో లేదు. నేను ఆమెతో మాట్లాడాలి."

"మాట్లాడండి. ఇక్కడే ఉన్నాను."

ఆర్డిస్ షెడ్డు పక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో ఏమో. కోటు వేసుకుని, చేతిలో కారు తాళాలతో ఉంది. ఆమె చూపు తండ్రి మీదే ఉంది.

"నాన్నా, నేను చంపాననుకున్నావా?"

సెల్మర్ ఆ గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"రెండు రోజులు ఒకే బల్ల దగ్గర తిన్నాం. ఒక్కమాట అడగలేకపోయావా?"

"అడిగితే నువ్వు చెబుతావు," అన్నాడు ముసలాయన. "చెబితే నేను వినాలి."

ఆర్డిస్ పెదవి కొరుక్కుంది. ఓస్బీ వైపు తిరిగింది. "మైలో దగ్గరికే బయల్దేరాను బాబాయ్. సగం దారిలో ఇక నడపలేకపోయాను. కాంటూ ఇంటి ముందు కారు ఆపాను. వెస్ గాదెలో మునిగిపోతుంటే తాడైనా కట్టుకోకుండా దిగి రెండు చేతుల్తో తవ్వింది అతనే. గోళ్ళు ఊడిపోయేదాకా తవ్వాడు. ఆ తరవాత నాతో వెస్ పేరు ఎత్తి మాట్లాడే మనిషి ఊళ్ళో అతనొక్కడే మిగిలాడు. ఏడాదిగా వెళుతున్నాను. ఎవరికీ చెప్పలేదు."

"మంగళవారం ఎంతసేపున్నావు?"

"ఐదుంపావు నుంచి ఆరున్నర దాకా. అతని వంటింట్లో కూర్చుని ఏడ్చాను. టీ కాచి ఇచ్చాడు. మైలో దగ్గరికి ఇప్పుడు వెళ్ళకు, కోపం తగ్గాక ఇద్దరం కలిసి షెరీఫ్ దగ్గరికే వెళదాం అన్నాడు. నేను ఇంటికి వచ్చేశాను, అతను పనికి వెళ్ళాడు. వెళ్ళేసరికి..."

"మరి ఎందుకు చెప్పలేదు?" కాస్నర్ గొంతు పెద్దదయింది. "రెండు రోజులు లాకప్పులో ఉన్నాడు!"

"నేను చెప్పేలోగా నాన్న నేను ఇంట్లోనే ఉన్నానని మీతో ప్రమాణం చేశాడు. నేను నోరు విప్పితే ఆయన దొంగసాక్షి. అతను చెయ్యలేదు కాబట్టి రేపో మాపో వదిలేస్తారులే అనుకున్నాను. అతనేమో నా పేరు బయటికి రాకూడదని మూగవాడైపోయాడు. ఇందాక రేడియోలో మూడింటికి తీసుకెళుతున్నారని విన్నాను. చెప్పేద్దామని మీ దగ్గరికే బయల్దేరుతున్నాను."

సెల్మర్ మెల్లగా, గోడ పట్టుకుని, నేల మీద కూర్చున్నాడు. "నిన్ను దాచబోయి ఆ పిల్లాణ్ణి పట్టిచ్చానే," అన్నాడు. "నీ మొగుడి కోసం తవ్విన చేతులకి నేను బేడీలు వేయించానే."

ఆర్డిస్ వెళ్ళి ఆయన పక్కన ఆ చలినేల మీదే కూర్చుంది. ఆయన గరుకు వేళ్ళని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

ఓస్బీ మొహం తిప్పుకున్నాడు. ఎదురుగా కాస్నర్ నోటుపుస్తకంలో పేజీలు గబగబా తిప్పుతున్నాడు. ఒక చోట ఆగాడు.

"ఐదూ యాభైకి కాంటూ ఈమె ముందు కూర్చుని టీ కాస్తున్నాడు. మరి గోదాం గుమ్మంలో అతన్ని చూసింది ఎవరు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒక్కడే," అన్నాడు ఓస్బీ. "ఐదూ నలభైకి ఇటునుంచి వెళ్ళాడు, ఆరూ ముప్ఫై అయిదుకి తిరిగొచ్చాడు. అవతల అతను పాలు పట్టాల్సింది ఒక్క ఇంట్లోనే. పావుగంట పని. మిగతా నలభై నిమిషాల్లో గోదాం తలుపు తడితే లోపలున్న మైలోనే తీసి ఉంటాడు. లైట్ల రంగు దాకా నిజమే చెప్పాడు, ఎందుకంటే అది తన జోలికి రాదనుకున్నాడు."

కాస్నర్ అప్పటికే పరుగెత్తుతున్నాడు. ఓస్బీ ఎడమకాలు ఈడ్చుకుంటూ అతని వెనకే వెళ్ళాడు. కాస్నర్ కారు తలుపు లాగి, షెరీఫ్ ఆఫీసులో ఉన్న లవోన్‌తో మాట్లాడటానికి రేడియో అందుకున్నాడు.

"లవోన్! కాస్నర్‌ని మాట్లాడుతున్నాను. మూడింటి ప్రయాణం ఆపెయ్. కాంటూకి సాక్షి దొరికింది, అతను గోదాం దగ్గర లేడు. డెల్బర్ట్ హోల్మ్ చెప్పింది పచ్చి అబద్ధం. అతని బండి ఎక్కడున్నా..."

"ఆగండి!" ఓస్బీ అతని చెయ్యి పట్టుకున్నాడు. "సంతకానికి అతన్ని ఎన్ని గంటలకి రమ్మన్నారు?"

కాస్నర్ చెయ్యి రేడియో మీట మీదనుంచి జారింది.

రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. తరవాత లవోన్ గొంతు వినిపించింది. గుసగుసలాడుతున్నట్టుంది.

"సార్... డెల్బర్ట్ ఇక్కడే, నా బల్ల ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. రేడియో పెద్దగా పెట్టి ఉంది. మీ మాటలన్నీ విన్నాడు."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"మాట్లాడకుండా లేచాడు. టోపీ కూడా తీసుకోలేదు. గోడకున్న మేకునుంచి తాళాల గుత్తి లాక్కుని వెనక్కి, కాంటూ ఉన్న లాకప్పు గది వైపు వెళుతున్నాడు సార్."